ఆఫీసులో ఉండి ఇంట్లో ఏసీ ఎలా వేస్తారు?

మే నెల సాయంత్రం హైటెక్ సిటీ ఆఫీసులో ఉన్న అక్క ఫోన్‌లో బటన్ నొక్కితే, మియాపూర్‌లోని ఇంట్లో ఏసీ ఆన్ అవుతుంది. ఎలా?

ఫోన్ నేరుగా ఏసీతో మాట్లాడదు. ఆదేశం ముందు ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి ఇంటి వైఫై రూటర్‌కు, ఆపైన ఏసీలోని చిప్‌కు చేరుతుంది. ఏసీ గాలి పీల్చుకునే చోట థర్మిస్టర్ అనే మిరియపు గింజంత భాగం ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ తేడాను బట్టే చిప్ గది ఎంత వేడిగా ఉందో తెలుసుకుంటుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే కంప్రెసర్ ఎంత వేగంగా తిరగాలో కూడా నిర్ణయిస్తుంది.

ఎన్ని డిగ్రీలు పెట్టాలి? 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్నది మన దేశంలో నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా.

అయినా అన్నీ ఏసీయే చేయనక్కర్లేదు. హైటెక్ సిటీ దగ్గర్లోనే, 2004లో ప్రారంభమైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో రెండు గాలి గోపురాలు బయటి గాలిని ముందే చల్లబరిచి ఏసీలకు పంపుతాయి. ఎంత చక్కని ఆలోచన!

ఇలా ఇంటర్నెట్‌కు కలిపే పరికరాలతో ఒక్క జాగ్రత్త. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, రూటర్లలో చొరబడింది. మీ ఇంటి రూటర్ పాస్‌వర్డ్ మార్చారో లేదో ఇవాళే అమ్మానాన్నలను అడగండి.