గుర్తు ఎస్‌కు ముందా, తరువాతా?

తమ్ముడి పొలం అంటే ఒక్కడిది. తమ్ముళ్ల పొలం అంటే ఇద్దరిదో, ముగ్గురిదో. తెలుగులో ఈ తేడా చెవికే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రెండింటినీ 'బ్రదర్స్ ల్యాండ్' అనే పలుకుతారు. తేడా చెప్పేదల్లా ఎస్ అక్షరం పక్కన, పైభాగాన పెట్టే కామా లాంటి చిన్న గుర్తు. దాని పేరు అపాస్ట్రఫీ. అది ఎస్‌కు ముందుంటే తమ్ముడు ఒక్కడే. ఎస్ తరువాత ఉంటే ఒకరికంటే ఎక్కువమంది. అసలు లేకపోతే తమ్ముళ్లు అనే మాటే మిగులుతుంది, పొలం ఎవరిదో తేలదు. బ్యాంకుకో, కచేరీకో ఇంగ్లీషులో అర్జీ రాయించుకునేవారు వేలిముద్ర వేసే ముందు, ఆ గుర్తు ఎక్కడ పెట్టారో అడిగి చూడటం మంచిది. వాటాల సంగతి కదా!

సెప్టెంబరు 5న బడుల్లో కట్టే టీచర్స్ డే బ్యానర్లలో ఈ గుర్తు ఎస్ తరువాతే ఉండాలి. పుట్టినరోజు సర్వేపల్లి రాధాకృష్ణన్‌ ఒక్కరిదే. కాని 1962 నుంచి జరుపుతున్న ఆ వేడుక గురువులందరిదీ. నవంబరు 14 చిల్డ్రన్స్ డే సంగతి వేరు. చిల్డ్రన్ అంటేనే పిల్లలు, ఎస్ లేకుండానే అది బహువచనం. కనుక గుర్తు ఎస్‌కు ముందు పెడతారు. మార్చి 8 విమెన్స్ డే కూడా అంతే. ఇక హోటలు బోర్డు మీద 'టిఫిన్స్' అనే మాటకు గుర్తుతో పనే లేదు. అవి రకరకాల టిఫిన్లు, అంతే. అయినా కొందరు పెయింటర్లు అందం కోసం ఒకటి తగిలిస్తుంటారు.

బహువచనంలో మన పిల్లలు తడబడేది మరోచోట. పాలు పొంగాయి, నీళ్లు వచ్చాయి, వడ్లు ఎండాయి అంటాం. అన్నీ బహువచనాలే. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, పాడీ ఏకవచనాలు. 'మిల్క్ ఆర్' అని రాస్తే మార్కు పోతుంది, 'మిల్క్ ఈజ్' అనాలి. సామాను ఎంత ఉన్నా లగేజీకి, ఫర్నిచరుకు ఎస్ చేర్చరు. గొర్రె ఒకటైనా, మంద అయినా షీప్. ఎద్దు ఆక్స్, ఎద్దులైతే ఆక్సెన్.

చదువుకున్నవారూ తప్పే మాట 'ఇట్స్'. ఆవు తోక గురించి 'దాని తోక' అని రాసేటప్పుడు గుర్తు ఉండకూడదు. 'ఇట్ ఈజ్' అనే రెండు మాటలను కుదించినప్పుడు అక్కడ గుర్తు పెడతారు.