మీకు తెలుసా? గుర్తులేని ఆఘాతానికీ చికిత్స ఉంది

భరించలేని సంఘటన ఎదురైనప్పుడు దానికి చెందిన జ్ఞాపకం, భావోద్వేగం, శరీర స్పందన మిగిలిన చైతన్యం నుంచి విడిపోయి వేరుగా పనిచేయడాన్ని డిసోసియేషన్ అంటారు. ఫ్రెంచ్ మనస్తత్వవేత్త పియేర్ జానే 1889లోనే తన సిద్ధాంత గ్రంథంలో ఈ ప్రక్రియను సవివరంగా వర్ణించాడు.

జానే వద్ద చికిత్స పొందిన ఒక యువతి, ఆయన రచనల్లో ఇరేన్ అనే పేరుతో కనిపించే ఆమె, క్షయతో మంచాన పడిన తల్లికి రాత్రింబవళ్లు సేవ చేసింది. 1900లో తల్లి మరణించిన తరువాత ఆ సంగతే గుర్తులేదనేది. అయినా ఖాళీ మంచం కంటపడగానే, లేని తల్లి పెదవులకు లేని గ్లాసును అందిస్తూ, ఆ చివరి రాత్రి చేసిన పనులన్నీ గంటల తరబడి మళ్లీ చేసేది.

జానే చికిత్సాక్రమం మూడు దశలుగా సాగింది: ముందు రోగికి స్థిమితం చేకూర్చడం, తరువాత ఆఘాత స్మృతిని కొద్దికొద్దిగా మాటల్లోకి తేవడం, చివరకు దానిని గడిచిపోయిన జీవితంలో ఒక భాగంగా ఇముడ్చుకొనేలా చేయడం. అమెరికన్ మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో ప్రతిపాదించిన భద్రత, స్మరణ–శోకం, పునస్సంబంధం అనే దశలూ ఈ క్రమాన్నే అనుసరిస్తాయి. ఎందుకంటే భద్రత కుదరకముందే జ్ఞాపకాలను తవ్వితే బాధ ముదిరే ప్రమాదం ఉంటుంది.

ఇటువంటి మరుపు నటన కాదు, గాలి సోకడమూ కాదు. బాధితులను నిందించక మానసిక వైద్యుల వద్దకు తీసుకువెళ్లాలి. సలహా కోసం టెలి మానస్ ఉచిత సేవ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.