షేర్ల బేరంలో ఎదురు మాట

షేరు చేతులు మారినప్పుడు సాధారణంగా రెండు అంచనాలు ఎదురుపడతాయి. పెరుగుతుందని ఒకరు కొంటే, ఇక చాలని మరొకరు అమ్ముతారు. అయినా కొన్నాక మదుపరి చెవికి మెచ్చుకోళ్లే ఇంపుగా ఉంటాయి, లోపం చూపినవారు ఓర్వలేనివారిలా కనిపిస్తారు.

కానీ అలాంటి ఎదురు మాటే ఒకసారి పనికొచ్చింది. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. అదే ఏడాది డిసెంబరు 16న, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన, రియల్ ఎస్టేట్, నిర్మాణ రంగాల్లోని రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. బోర్డు ఏకగ్రీవంగా సరేనంది. కాదన్నది బయటి వాటాదారులు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రియల్ ఎస్టేట్‌తో పనేమిటని నిలదీశారు. అమెరికా మార్కెట్లో షేరు సగానికి పైగా పడింది, గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖతో అసలు సంగతి బయటపడింది. పుస్తకాల్లోని 5,361 కోట్ల రూపాయల నగదులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ బూటకపు ఆస్తుల స్థానంలో నిజమైనవి చేర్చే చివరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలని ఆయనే ఒప్పుకున్నారు. నిలదీసినవారికి ఈ మోసం తెలియదు. కంటికి కనిపించిన పొంతనలేని బేరాన్ని ప్రశ్నించారు, అదే చాలింది.

అన్ని అభ్యంతరాలనూ ఒకే తూకం వేయలేం. ‘ఈ షేరు మునుగుతుంది’ అనేది వట్టి అరుపు. లాభం పెరుగుతున్నా నగదు ఎందుకు రావడం లేదు, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన వాటా ఎంత అని అడిగితే మాత్రం జవాబు కంపెనీ వెల్లడించే లెక్కల్లో వెతకవచ్చు. ధర పడితే లాభపడే షార్ట్ సెల్లర్లకూ స్వార్థం ఉంటుంది, కొన్నవారి పొగడ్తలో ఉన్నట్టే. కాబట్టి మాట్లాడేవారి చేతిలో ఆ షేర్లు ఉన్నాయో లేదో ముందే కనుక్కోవాలి.