జ్యోతి బసు పాలన: అపోహలు, వాస్తవాలు

పశ్చిమ బెంగాల్‌లో వామపక్ష కూటమి 1977 నుంచి 2011 వరకు ఏకధాటిగా అధికారంలో ఉన్నందువల్ల ఆ 34 ఏళ్లూ జ్యోతి బసు ఏలుబడేనన్న భావన ప్రచారంలో ఉంది. కానీ 1977 జూన్ 21న ముఖ్యమంత్రి అయిన ఆయన 2000 నవంబరులో వయోభారం, అనారోగ్యం వల్ల స్వయంగా వైదొలగగా, మిగిలిన పదిన్నరేళ్లూ పాలించినది బుద్ధదేవ్ భట్టాచార్య. దేశంలో అత్యధిక కాలం పనిచేసిన ముఖ్యమంత్రి బసు అన్న మాటకూ కాలం చెల్లింది: సిక్కిం నేత పవన్ చామ్లింగ్ 2018లోనూ, ఒడిశా నేత నవీన్ పట్నాయక్ 2023లోనూ ఆయనను దాటిపోయారు.

ఆపరేషన్ బర్గా పేరిట భూస్వాముల పొలాలను పేదలకు పంచిపెట్టారన్నది అన్నింటికంటే లోతుగా నాటుకున్న అపోహ. 1978లో మొదలైన ఆ కార్యక్రమం భూపంపిణీ కానే కాదు. పరుల పొలం సాగుచేసి పంటలో వాటా చెల్లించే రైతులను, అంటే అక్కడ బర్గాదారులని పిలిచేవారిని, భూమి రికార్డుల్లోకి ఎక్కించడమే దాని పని. యాజమాన్యం భూస్వామి పేరనే ఉండగా, రైతుకు దక్కినది ఇష్టానుసారం వెళ్లగొట్టకుండా రక్షణ, వారసులకు సంక్రమించే సాగు హక్కు, సాగు ఖర్చులు తానే భరించినప్పుడు పంటలో నాలుగింట మూడు వంతులు. వీటికి ఆధారమైన భూసంస్కరణల చట్టం 1955లో కాంగ్రెస్ హయాంలో వచ్చినదే, తర్వాత సవరణలతో పదునెక్కినదే. మిగులు భూముల స్వాధీనాన్ని 1960ల చివర, బసు ఉపముఖ్యమంత్రిగా ఉన్న యునైటెడ్ ఫ్రంట్ రాష్ట్ర ప్రభుత్వాల్లో, నాటి భూమి, రెవెన్యూ మంత్రి హరేకృష్ణ కోనార్ ముందుకు నడిపారు. అయితే కాగితం మీది హక్కును పల్లెకు చేర్చి, 14 లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేయించిన ఘనతను బసు ప్రభుత్వానికి, అందులోనూ రెవెన్యూ మంత్రి వినయ్ చౌదరికి, ఇవ్వక తప్పదు.

బసు ప్రైవేటు పెట్టుబడికి ఆద్యంతం వ్యతిరేకి అన్న విమర్శ 1994 నాటి పారిశ్రామిక విధానం ముందు నిలవదు. దేశీయ, విదేశీ పెట్టుబడులను ఆ ప్రకటన బాహాటంగానే ఆహ్వానించింది.

1996లో ప్రధాని పదవి చేతికందినా బసు త్యాగం చేశారన్న కథనం వినసొంపుగానే ఉంటుంది గాని నిజం కాదు. చంద్రబాబు నాయుడు కన్వీనరుగా వ్యవహరించిన జాతీయ స్థాయి కూటమి యునైటెడ్ ఫ్రంట్ నేతలు ఆయన పేరు ప్రతిపాదించగా, బసు, ఆయన పార్టీ సీపీఎం ప్రధాన కార్యదర్శి హరికిషన్ సింగ్ సుర్జీత్ సుముఖంగానే ఉన్నారు. 32 లోక్‌సభ స్థానాలతో ప్రభుత్వ విధానాలను శాసించలేమన్న వాదనతో సీపీఎం కేంద్ర కమిటీ మెజారిటీ దానిని తోసిపుచ్చింది. ఆ పదవి దేవెగౌడకు దక్కింది. అది చారిత్రక తప్పిదమని బసు ఆ తర్వాత బహిరంగంగానే అన్నారు, అయినా 1998 కలకత్తా పార్టీ మహాసభ సైతం కేంద్ర కమిటీ నిర్ణయాన్నే ఖరారు చేసింది.