సైకిలు పందేలకు పిల్లల్ని సిద్ధం చేయడం – కొన్ని లెక్కలు, కొన్ని జాగ్రత్తలు

మన ట్రస్టుకు ఏటా వచ్చే దరఖాస్తుల్లో కాలేజీ ఫీజులు, పుస్తకాలు, హాస్టలు ఖర్చులే ఎక్కువగా ఉంటాయి. ఈసారి మిట్టేమరి హోబళి నుండి వచ్చిన ఒక దరఖాస్తులో మాత్రం, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ‘రేసు సైకిలు కొనుక్కొనుటకు’ అని కోరింది. కార్యవర్గంలో కొందరు ఇది చదువు కిందికి రాదన్నారు. కొందరు ఇవ్వాలన్నారు. నాలుగేళ్ళుగా ఉదయం పూట ఆ పిల్లల వెంట తిరుగుతున్నవాణ్ణి కాబట్టి, ఈ విషయం అందరికీ అర్థమయ్యేటట్టు రాయమని నాకు అప్పగించారు.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను శిక్షకుడిగా సర్టిఫికెట్టు పొందినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పని చేసి రిటైరయినవాణ్ణి. చదివి, అడిగి, కొన్ని తప్పులు చేసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మన రాష్ట్రంలో ఈ ఆట ఎక్కడుంది?

కర్ణాటకలో సైకిలు పందెం అంటే ఉత్తర జిల్లాలే. విజయపుర, బాగల్‌కోట, బెళగావి జిల్లాల నుండి ఎంతోమంది రైతు బిడ్డలు జాతీయ పతకాలు తెచ్చారు. అక్కడి పిల్లలకు మన పిల్లల కంటే కాళ్ళలో ఎక్కువ బలమేమీ లేదు. రాష్ట్ర యువజన సబలీకరణ, క్రీడల శాఖ విజయపుర, బాగల్‌కోటల్లో సైక్లింగుకు క్రీడా హాస్టళ్ళు నడుపుతున్నది. ఉండడానికి చోటు, తిండి, బడి, శిక్షకుడు, సైకిలు అన్నీ ఒకచోట దొరుకుతాయి. ఒక ఊరి పిల్లవాడు గెలిస్తే పక్క ఊరి తండ్రి తన బిడ్డనూ పంపుతాడు. ఆ వరుస ఏళ్ళ తరబడి సాగింది.

మన చిక్కబళ్ళాపుర జిల్లాకు నందికొండ ఉంది. సముద్ర మట్టానికి 1,478 మీటర్ల ఎత్తున్న ఆ కొండ ఎక్కడానికి బెంగళూరు సైకిలిస్టులు ప్రతి ఆదివారం చీకటితోనే వచ్చేస్తారు. జిల్లాలో ఉన్న మన పిల్లలకు మాత్రం ఆ దారి తెలియదు. మన వైపు పిల్లలు ఎక్కిన సైకిళ్ళు వేరే. 2006–07లో మొదలైన ప్రభుత్వ పథకం కింద ఎనిమిదో తరగతి పిల్లలకు బడిలో ఇచ్చిన సైకిళ్ళతోనే ఎన్నో ఇళ్ళలో తొక్కడం నేర్చుకున్నారు. అన్న తొక్కినది తమ్ముడికి, తమ్ముడిది చెల్లెలికి వచ్చింది. మా గుంపు కూడా అలాంటి సైకిళ్ళతోనే మొదలయింది.

తెలుగు ప్రాంతంలో చూస్తే, 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో వెలోడ్రోము కట్టారు. వెలోడ్రోము అంటే వంపుల దగ్గర గిన్నె అంచులాగా ఏటవాలుగా లేచి ఉండే సైకిలు పందెపు మైదానం. ఢిల్లీలో 2010 కామన్‌వెల్త్ క్రీడల కోసం ఇందిరా గాంధీ స్టేడియం ఆవరణలో కట్టిన వెలోడ్రోమే తరువాత దేశపు మేటి సైక్లిస్టుల శిక్షణ కేంద్రమయింది. అక్కడ తయారైన అండమాన్ కుర్రవాడు ఈసో అల్బెన్ 2018లో స్విట్జర్లాండులోని ఎయిగ్ల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో వెండి పతకం తెచ్చాడు. 2019లో జర్మనీలో అతడు, మణిపూర్‌కు చెందిన రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి టీము స్ప్రింటులో ప్రపంచ జూనియర్ బంగారు పతకం గెలిచారు. అండమాన్, మణిపూర్ అనేవి సైకిలు పందేలకు పేరు మోసిన దేశాల్లోని పట్టణాలు కావు. మారుమూలల నుండి వచ్చిన పిల్లలే ఇది సాధించారని మన పిల్లలకు తప్పక చెప్పాలి.

పందెం ఎన్ని రకాలు?

రోడ్డు పందేల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి టైం ట్రయల్. ఒక్కొక్కరిని కొంత ఎడంతో విడిచిపెడతారు, గడియారమే ప్రత్యర్థి. రెండోది అందరూ ఒకేసారి బయలుదేరే మాస్ స్టార్టు. ట్రాకు మీద స్ప్రింటు, కీరిన్, పర్స్యూటు వంటివి ఉంటాయి. కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైకు పందెం వేరు. వయసును బట్టి పద్నాలుగేళ్ళ లోపు, పదహారేళ్ళ లోపు, పద్దెనిమిదేళ్ళ లోపు అని విభాగాలుంటాయి. మన పిల్లలకు మొదట అందేది టైం ట్రయలే. దానికి ఒక రోడ్డు, ఒక గడియారం చాలు.

మాస్ స్టార్టులో జట్టు అవసరం ఎందుకంటే గాలి వల్ల. వేగం రెట్టింపయితే గాలిని చీల్చడానికి పట్టే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ముందు మనిషి చక్రం వెనకాలే దగ్గరగా తొక్కితే మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుంది. అందుకే జట్టులో వంతులవారీగా ముందుకు వస్తారు. ఒకరు కాసేపు గాలి మోస్తారు, పక్కకు తప్పుకొని వెనక్కి చేరతారు, ఇంకొకరు ముందుంటారు. మా పిల్లలకు నేను దీన్ని చీటీపాటగా చెప్పాను. అందరూ కట్టాలి, అందరికీ వంతు వస్తుంది, కట్టకుండా ఎత్తుకునేవాణ్ణి మరుసటిసారి ఎవరూ చేర్చుకోరు. వెంటనే అర్థమయింది.

గేరు లెక్క

గేరు అంటే, పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిలు ఎంత దూరం పోతుందన్నదే. ముందు చక్రపు పళ్ళను వెనక పళ్ళతో భాగించి, టైరు చుట్టుకొలతతో గుణించాలి. మామూలు సైకిలుకు ముందు 44, వెనక 18 పళ్ళుండి, టైరు చుట్టుకొలత 2.2 మీటర్లయితే, ఒక చుట్టుకు సుమారు 5.4 మీటర్లు పోతుంది. రేసు సైకిలుకు ముందు 52, వెనక 14, చుట్టుకొలత 2.1 మీటర్లయితే 7.8 మీటర్లు పోతుంది. నిమిషానికి 90 చుట్లు తిప్పితే మొదటిది గంటకు 29 కిలోమీటర్లు, రెండోది 42 కిలోమీటర్లు.

దీన్ని చూసి పెద్ద గేరు వేస్తే పని అయిపోతుందని అనుకోకూడదు. నేను అలా అనుకొనే తప్పు చేశాను. మూడేళ్ళ కింద పద్నాలుగేళ్ళ కుర్రవాడొకడు అందరికంటే ముందు వస్తుండేవాడు. వానికి పాత రేసు సైకిలొకటి సంపాదించి ఇచ్చి, పెద్ద గేరులోనే ఎత్తు ఎక్కమన్నాను. సీటు కూడా కిందికి ఉండింది. నేను గమనించలేదు. ఆరు వారాలకు వానికి మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలయింది. నొప్పి ఉందని చెబితే జట్టులో ఉండనివ్వనేమో అని వాడు దాచుకున్నాడు. మెట్లు దిగలేక గోడ పట్టుకున్నప్పుడు వాళ్ళమ్మ చూసింది. మరునాడు నా ఇంటికి వచ్చి, “సార్, గెలుస్తాడని పంపితిమి. వాని మోకాలు పోతే రేపు మడికట్లో పని ఎవురు చేస్తారు?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. డాక్టరు రెండు నెలలు సైకిలు ముట్టవద్దన్నారు. ఆ ఏడు జిల్లా ఎంపికలకు వాడు పోలేకపోయాడు.

ఆ తరువాతే నేను సరిగ్గా చదివాను. అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య చాలా ఏళ్ళు జూనియర్లకు ఒక చుట్టుకు 7.93 మీటర్లు మించిన గేరు వాడరాదని నియమం పెట్టింది. ఎదిగే ఎముకల మీద బరువు పడకూడదన్నది దాని ఉద్దేశం. 2023 నుండి జూనియర్లకు ఆ నియమం తీసేశారు. పోటీలో తీసేసినా, చిన్న పిల్లల సాధనలో దాన్ని నేను తీసేయలేదు. చిన్న గేరులో నిమిషానికి 85–95 చుట్లు తేలికగా తిప్పడం ముందు రావాలి. బలం తరువాత అదే వస్తుంది.

తల్లిదండ్రులు చూడవలసినవి

1. సీటు ఎత్తు: సీటుపై కూర్చొని మడమను కింది పెడలుపై పెడితే కాలు చాపినట్టుండాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. పిల్లలు ఎదుగుతారు కాబట్టి రెండు మూడు నెలలకొకసారి సరిచూడాలి.

2. సాధన గంటలు: వారంలో సాధన చేసే గంటలు పిల్లల వయసు సంఖ్యను మించరాదని క్రీడా వైద్యులు చెబుతారు. పద్నాలుగేళ్ళ వానికి పద్నాలుగు గంటలు గరిష్ఠం. మేము అందులో సగమే చేస్తాము. వారానికి నాలుగు రోజులు తొక్కడం, అందులో ఒక్క రోజే గట్టిగా. మిగతా రోజులు విశ్రాంతి. ఒళ్ళు బలపడేది విశ్రాంతిలోనే.

3. తిండి: ఖాళీ కడుపుతో పంపవద్దు. బయలుదేరే ముందు ఒక అరటిపండు చాలు. వచ్చిన తరువాత సంగటి, పప్పు, ఉడికించిన చెనిక్కాయలు, వీలైతే గుడ్డు. డబ్బాల్లో అమ్మే పొడులు అవసరం లేదు. గంట దాటితే నీళ్ళలో చిటికెడు ఉప్పు, చక్కెర, నిమ్మరసం కలిపి ఇవ్వాలి. ఎవరైనా మాత్రలు, సూదులు అంటే ఆ మనిషి దగ్గరికే పంపవద్దు.

4. రోడ్డు: బాగేపల్లి మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మీద సాధన వద్దే వద్దు. రోడ్డు నున్నగా ఉందని పిల్లలకు ఆశ పుడుతుంది, లారీలు ఆశను చూడవు. ఊరి రోడ్ల మీద, వెలుతురు వచ్చాకే తొక్కాలి. హెల్మెట్టు లేనివాణ్ణి మేము ఆ రోజు ఇంటికి పంపేస్తాము. ఎంత బాగా తొక్కేవాడైనా సరే.

5. నొప్పి: నొప్పి చెప్పిన పిల్లవాణ్ణి జట్టు నుండి తీయమని మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి. నేను ఆ మాట చెప్పకపోవడం వల్లనే ఒక పిల్లవాడు ఆరు వారాలు బాధ దాచుకున్నాడు.

చదువు సంగతి

సైకిలు తొక్కితే ఉద్యోగం వస్తుందా అని అడిగేవారికి ఉన్నదున్నట్టు చెప్పాలి. రైల్వేలు, సైనిక దళాలు క్రీడాకారులను తీసుకుంటాయి, వాటి జట్లు జాతీయ పోటీల్లో పాల్గొంటాయి. వృత్తి విద్యా కోర్సుల ప్రవేశాల్లో క్రీడా కోటా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన ఖేలో ఇండియా పోటీల్లో 2020 గువాహటి నుండి సైక్లింగు కూడా చేరింది. ఆ పథకంలో ఎంపికైనవారికి శిక్షణతో పాటు నెలకు పదివేల రూపాయల భత్యం ఏర్పాటు ఉంది. అయితే ఇవన్నీ రాష్ట్ర, జాతీయ స్థాయికి చేరిన కొద్దిమందికే. పది మంది తొక్కితే తొమ్మిది మంది ఆ మెట్టు ఎక్కరు. కాబట్టి ఎస్.ఎస్.ఎల్.సి., పి.యు.సి. ఆగకూడదు. మా దగ్గర పరీక్షలకు ముందు మూడు నెలలు వారానికి రెండు రోజులే సాధన. ఎవరైనా బిడ్డకు నిజంగా పట్టు ఉందని తోస్తే, ఏటా జరిగే క్రీడా హాస్టలు ఎంపికలకు జిల్లా క్రీడల కార్యాలయంలో కనుక్కొని పంపాలి. విజయపుర ఒక రాత్రి ప్రయాణం. బిడ్డను దూరం పంపడం కష్టమే. కానీ అక్కడ దొరికే శిక్షణ నా వంటివాడు ఇవ్వలేడు.

ట్రస్టుకు నా విన్నపం

ఇప్పుడు దరఖాస్తు సంగతికి వస్తాను. ఒక మోస్తరు రేసు సైకిలే అరలక్ష దాటుతుంది. పైరకాలు లక్షల్లో ఉంటాయి. ఆ సొమ్ము ఒక బిడ్డ పేరున ఇస్తే ఏమవుతుంది? పదమూడో ఏట సరిపోయిన సైకిలు పదహారో ఏటికి పొట్టిదవుతుంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే తరుగుదల చాలా ఎక్కువగా ఉన్న ఆస్తి. అదే సైకిలు ట్రస్టు పేరున ఉండి, స్టాకు రిజిస్టరులో ఎక్కి, ఎత్తు సరిపోయిన బిడ్డకు సంవత్సరానికని ఇచ్చి తిరిగి తీసుకుంటే, ఏడెనిమిదేళ్ళలో నలుగురైదుగురు వాడుకుంటారు. కాబట్టి చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు కొలతల్లో వాడిన సైకిళ్ళు మూడు కొని ఉంచాలని నా సూచన. మిగిలిన మొత్తం హెల్మెట్లకు, టైర్లకు, ఎంపికలకు పోయివచ్చే ఛార్జీలకు కేటాయించాలి. చాలామంది పిల్లలు ఆగిపోయేది సైకిలు లేక కాదు, బస్సు ఛార్జీలు లేకనే.

ఆ అమ్మాయికి ఇవ్వాలా అంటే, ఇవ్వాలనే నా అభిప్రాయం. మధ్యరకం సైకిలు ఆమెకు సరిపోతుంది. ఆమె ఇప్పుడు వాళ్ళన్న తొక్కి వదిలేసిన బడి సైకిలు మీద, మా పది కిలోమీటర్ల కొలత దారిలో, మగపిల్లల్లో సగం మందికంటే ముందు వస్తున్నది. వాళ్ళ నాయన మొదట్లో “ఆడపిల్లకు పందెమేంది సార్” అన్నాడు. ఇప్పుడు ఆదివారం ఉదయం తానే వచ్చి, కొలత దారి చివర గడియారం పట్టుకొని నిలబడుతున్నాడు.

మోకాలు నొప్పి పడిన కుర్రవాడు ఎస్.ఎస్.ఎల్.సి. పాసై పి.యు.సి.లో చేరాడు. పందేలకు తిరిగి పోలేదు. సెలవుల్లో వచ్చి చిన్నపిల్లల సీట్ల ఎత్తు వాడే సరిచూస్తాడు. పానా చేతిలో పెట్టుకొని ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, “నొప్పుందా? దాచిపెట్టొద్దు” అని అడుగుతాడు. నేను మొదటి రోజు చెప్పవలసి ఉండిన మాట ఇప్పుడు వాడు చెబుతున్నాడు. మా జట్టుకు ఇంతవరకు వచ్చిన లాభం ఇదే. దీన్ని చిన్నదిగా చూడవద్దని కార్యవర్గానికి, తల్లిదండ్రులకు మనవి.