కొర్రమీనును తినేస్తున్న నీటి బూజు

ఆలమూరు: బూజు పట్టేది పచ్చడి జాడీకి, తడిసిన ధాన్యానికి మాత్రమే కాదు. నీటిలో బతికే జీవాలనూ అది వదలదు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో డాల్ఫిన్ల ఒంటిమీద బూజు వల్ల కణుతులు లేస్తున్నట్లు 1971లోనే వెల్లడైంది. అంత దూరం ఎందుకు? చలికాలంలో మన పంట బోదెల్లో, ఊరి చెరువుల్లో కొర్రమీను, మట్టగిడసలకు పడే ఎర్రని పుండ్ల జబ్బుకు మూలం కూడా ఇటువంటి నీటి బూజే.

చేపల్లో ఈ జబ్బును మొదట 1971లో జపానులో గుర్తించారు. 1972లో ఆస్ట్రేలియాలో కనిపించింది. ఆగ్నేయాసియా దేశాల మీదుగా 1988లో బంగ్లాదేశ్‌కు, మన ఈశాన్య రాష్ట్రాలకు వచ్చింది. మరి కొద్ది సంవత్సరాలకే ఆంధ్రప్రదేశ్‌కు పాకింది. పుండ్ల చేపను చూసి భయపడి చాలాచోట్ల జనం మంచి చేపను కూడా కొనడం మానేశారు. వలమీద బతికేవారికి అది రెండో దెబ్బ అయింది.

జబ్బు వచ్చే తీరు

ఈ బూజు విత్తనాలు కంటికి కనిపించవు. నీటిలో ఈదుకుంటూ వచ్చి, చేప చర్మం గీసుకుపోయిన చోట అంటుకుంటాయి. అక్కడ మొలిచి సన్నని పోగులుగా కండలోకి దిగుతాయి. మొదట ఎర్ర మచ్చ, తరువాత లోతైన పుండు. ముదిరితే ఎముక బయటపడుతుంది. ఆ పుండులో ఇతర క్రిములు చేరి చేప చచ్చిపోతుంది. వానలు వెనకబట్టి నీరు చల్లబడినప్పుడు చేపకు తట్టుకునే శక్తి తగ్గుతుంది. కార్తీకం మొదలు మాఘం వరకు ప్రమాదం ఎక్కువ. శీలావతి, బొచ్చెలకూ ఈ జబ్బు సోకుతుంది. బంగారుతీగ బాగా తట్టుకుంటుంది.

చేయవలసినవి

పుండు లోతుకు దిగాక మందు వేసి ప్రయోజనం తక్కువ. కనుక ముందు జాగ్రత్తే ముఖ్యం. వేసవిలో కాలువలు కట్టినప్పుడు చెరువు ఎండగట్టి, అడుగు బురద తీసి, సున్నం చల్లాలి. నీరు పెట్టే తూముకు సన్నకన్ను వల కట్టి, బోదెల్లోని చేప లోపలికి రాకుండా చూడాలి. ఒక చెరువులో వేసిన వలను ఎండలో బాగా ఆరబెట్టకుండా మరో చెరువులో వేయరాదు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ 'సిఫాక్స్‌' అనే మందు తయారుచేసింది. మీటరు లోతు నీరున్న హెక్టారు చెరువుకు ఒక లీటరు చొప్పున నీటిలో కలిపి చల్లాలి. పారే కాలువలో మాత్రం ఏ మందూ నిలవదు.

ఈ బూజు మనుషులకు అంటుతుందన్న భయం అక్కరలేదు. పుండు లేని చేపను బాగా ఉడికించి నిశ్చింతగా తినవచ్చు. పుండుపడిన చేపను కూరకు వాడరాదు, అమ్మరాదు. చచ్చిన చేపలను కాలువలో పారవేయక, గట్టుకు దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఒకరు కాలువలో విసిరిన రోగపు చేప దిగువ ఊళ్ల చెరువులన్నిటికీ జబ్బు మోసుకుపోతుంది. ఎర్ర మచ్చ కనబడిన రోజే మత్స్యశాఖ వారికి తెలియజేస్తే, పక్క చెరువైనా దక్కుతుంది.