క్లస్టర్ తలనొప్పి

క్లస్టర్ తలనొప్పి అనగా తలకు ఒకే పక్కన, కన్ను లేదా కణత చుట్టూ అతి తీవ్రంగా వచ్చే తలనొప్పి. ఇంగ్లీషులో క్లస్టర్ అంటే గుంపు. ఈ నొప్పి కొన్ని వారాలు లేదా నెలల పాటు పదేపదే వచ్చి, తరువాత చాలామందిలో నెలలు, సంవత్సరాల తరబడి కనిపించకుండా పోతుంది. అందువలన ఈ పేరు వచ్చింది. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఈ వ్యాధి వస్తుంది. స్త్రీలలో కంటే పురుషులలో ఎక్కువ. అమెరికా వైద్యుడు బేయార్డ్ హోర్టన్ 1939లో దీనిని వివరించాడు.

లక్షణాలు

చికిత్స లేకపోతే నొప్పి ప్రతిసారీ 15 నిమిషాల నుండి 3 గంటల వరకు ఉంటుంది. రోజు విడిచి రోజు మొదలుకొని రోజుకు 8 సార్ల వరకు రావచ్చు. నొప్పి ఉన్న పక్కనే కన్ను ఎర్రబడి నీరు కారడం, ముక్కు దిబ్బడ, కనురెప్ప వాలడం కనిపిస్తాయి. పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) ఉన్నవారు చీకటి గదిలో కదలకుండా పడుకొంటారు. క్లస్టర్ తలనొప్పి ఉన్నవారు కూర్చోలేక, పడుకోలేక అటూ ఇటూ తిరుగుతారు. దీనిని సైనసైటిస్ అనీ, పంటి నొప్పి అనీ పొరబడి అనవసరంగా పళ్ళు తీయించుకొన్నవారూ ఉన్నారు.

నొప్పి తరచుగా రోజూ ఒకే వేళకు, ముఖ్యంగా నిద్రపోయిన ఒకటి రెండు గంటలకు వస్తుంది. శరీరంలోని రాత్రింబవళ్ళ లయను నియంత్రించే హైపోథలమస్‌కు ఇందులో పాత్ర ఉన్నదని భావిస్తున్నారు.

జీవనశైలి, ఆహారం

* మద్యం: నొప్పులు వచ్చే కాలంలో కొద్దిపాటి మద్యం కూడా గంటలోపు నొప్పిని రప్పించగలదు. ఆ కాలంలో పూర్తిగా మానివేయాలి.
* నిద్ర: రోజూ ఒకే వేళకు పడుకొని, ఒకే వేళకు లేవాలి. పగటి నిద్ర కొందరికి నొప్పి తెస్తుంది.
* ఘాటు వాసనలు: పెట్రోలు, రంగులు, అత్తరుల వాసన కొందరికి పడదు.
* పొగత్రాగడం: రోగులలో చాలామంది పొగత్రాగేవారే. మానివేస్తే ఈ నొప్పి తగ్గుతుందన్న భరోసా లేకున్నా, ఆరోగ్యానికి మానడమే మేలు.
* ఆహారం: ఈ వ్యాధిని నయం చేస్తుందని రుజువైన పథ్యం ఏదీ లేదు.

నొప్పి వచ్చిన వేళ, ఎంతసేపు ఉన్నది, అంతకు ముందు ఏమి తీసుకొన్నారు అనే వివరాలను రాసి ఉంచుకొంటే వైద్యునికి ఉపకరిస్తాయి.

శస్త్రచికిత్స లేని చికిత్సలు

నొప్పి త్వరగా తారస్థాయికి చేరుతుంది కనుక మామూలు నొప్పి మాత్రలు పనిచేసేలోగానే సమయం మించిపోతుంది. మాస్కు ద్వారా నిమిషానికి 12 నుండి 15 లీటర్ల చొప్పున స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 15 నిమిషాలు పీల్చడం ప్రధాన చికిత్స. 2009లో ప్రచురితమైన పరిశోధనలో ఆక్సిజన్ ఇచ్చినప్పుడు 78 శాతం నొప్పులు, మామూలు గాలి ఇచ్చినప్పుడు 20 శాతం నొప్పులు 15 నిమిషాలలో తగ్గాయి. ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండరాదు. ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యునికి చెప్పాలి. సుమట్రిప్టాన్ ఇంజెక్షను కూడా త్వరగా పనిచేస్తుంది. కానీ గుండెజబ్బు ఉన్నవారికి ఇవ్వరాదు.

నివారణకు ముఖ్యంగా వెరాపమిల్ వాడతారు. దీనికి ఈసీజీ పరీక్షలు అవసరం. అది పనిచేసే వరకు కొద్దికాలం స్టీరాయిడ్లు గాని, తల వెనుక నరం వద్ద ఇంజెక్షను గాని ఇస్తారు. మెడ వద్ద ఉంచి వేగస్ నాడిని ప్రేరేపించే చేతి పరికరాన్ని అమెరికా 2017లో ఆమోదించింది.

జాగ్రత్తలు

హఠాత్తుగా మొదటిసారి వచ్చే భయంకరమైన తలనొప్పి, జ్వరం, మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, కాలు చేయి పడిపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నొప్పి భరించలేక చనిపోవాలనే ఆలోచనలు రోగులలో తలెత్తవచ్చు. అటువంటప్పుడు వారిని ఒంటరిగా వదలరాదు. భారతదేశంలో 14416 నంబరుకు ఫోన్ చేసి టెలీ మానస్ సహాయం పొందవచ్చు.